సముద్రతీర గ్రామములలో ఇండ్లస్థలముల బేరము: రైతులు గమనింపవలసిన సంగతులు



విశాఖపట్టణమునకు ఉత్తరముగా, భీమునిపట్టణము దాటి భోగాపురము పోవు మార్గమున నున్న యొక గ్రామమునకు, వేరుసెనగ విత్తనశుద్ధిని చూపుటకై మేము పోయియుంటిమి. సామగ్రిని దింపి రచ్చబండయొద్ద కూర్చుండగా పదునైదుగురు రైతులు చేరిరి. విత్తనమెంత, మందెంత యని యడుగుదురని మేము తలచితిమి. కాని మొట్టమొదట నోరు విప్పిన ముసలి రైతు, "బాబూ, గజము ధర ఇంక పెరుగునా, తగ్గునా? మీరు పట్టణమునుండి వచ్చినారు గదా, చెప్పండి" అనెను. ఆనాడు విత్తనశుద్ధి అరగంటలో ముగిసెను. భూమి బేరమును గూర్చిన మాటలు ప్రొద్దు గ్రుంకువరకు సాగెను.

ఆ ముసలి రైతు కథ యిది. ఆయనకు రెండెకరముల జీడితోట కలదు. 2020వ సంవత్సరారంభమున ఒక మధ్యవర్తి వచ్చి, మంచి ధర చెప్పి, అందులో స్వల్పభాగమును బయానాగా నిచ్చి, మిగిలినది ఆరు నెలలలో చెల్లింతునని ఒప్పందపు దస్తావేజును రిజిస్టరు చేయించుకొనెను. ఆరు నెలలు గడచెను. సొమ్ము రాలేదు. ఒప్పందము రద్దునూ కాలేదు. అమ్మిన తోటయేకదా యని రైతు దుక్కియు ఎరువును మానెను. పురుగు పట్టి చెట్లు చెడెను. 2023లో విమానాశ్రయపు శంకుస్థాపన జరుగగానే, అంతవరకు కనబడని ఆ కొనుగోలుదారు వకీలుచేత నోటీసు పంపి, పాత ధరకే భూమిని వ్రాసి యిమ్మని కోరెను. వ్యాజ్యము నేటికిని తెగలేదు. ఆ సొమ్ముతో కుమార్తె వివాహము చేయదలచిన ఆ రైతు, వడ్డీకి అప్పు తెచ్చి పెండ్లి చేసెను. ఇట్టివాడు ఈ తీరమున ఆయన యొక్కడే కాడు. కావుననే ఈ సంగతిని మన పత్రికలో వ్రాయుట మంచిదని తలచితిమి.

ధర యేల కదలును?

పంట ధర వానను, దిగుబడిని, సంతకు వచ్చిన సరకును బట్టి కదలును. తీరపు ఇండ్లస్థలముల ధర ఎక్కువగా వార్తను బట్టి కదలును. ఈ భేదమును రైతు మొట్టమొదట గ్రహింపవలెను.

విశాఖ తీరమున ఇది క్రొత్త సంగతి కాదు. 1933లో ఓడరేవు తెరువబడెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. 2005లో గాజువాకయు, చుట్టునున్న అనేక గ్రామములును మహానగరపాలక సంస్థలో చేరెను. ప్రతి మార్పునకును పట్టణము కొంత జరిగి, పొలము కొంత తగ్గినది. అయితే ఆ మార్పులు నెమ్మదిగా వచ్చెను. గత పది పండ్రెండు సంవత్సరములలో వచ్చినవి అట్టివి కావు. 2014 జూను 2వ తేదీని రాష్ట్రము విభజింపబడగా, మిగిలిన రాష్ట్రమున విశాఖయే పెద్ద పట్టణమయ్యెను. ఆ సంవత్సరమే అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 170 కిలోమీటర్లకు మించిన గాలితో తీరమును తాకి, తోటలను పెకలించెను. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట శాసనసభలో వినబడెను, 2020లో చట్టమయ్యెను, 2021 నవంబరులో ఆ చట్టము ఉపసంహరింపబడెను, 2022 మార్చిలో ఉన్నత న్యాయస్థానము అమరావతి రైతులకు అనుకూలముగా తీర్పు చెప్పెను. 2023 మే 3వ తేదీని భోగాపురమున సుమారు 2,200 ఎకరములలో విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగెను. 2024లో ప్రభుత్వము మారి అమరావతియే రాజధాని యని ప్రకటించెను. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖయందు ఐదు సంవత్సరములలో 15 బిలియను డాలర్లు వెచ్చింతునని తెలిపెను.

ఈ వార్తలలో కొన్ని నిలిచినవి, కొన్ని నిలువలేదు. కాని ప్రతి వార్తతోడను మధ్యవర్తుల కార్లు పల్లెలకు వచ్చినవి. వార్త చల్లారగానే అవి వెనుకకు పోయినవి. వచ్చినప్పుడు బయానా యిచ్చిరి. పోయినప్పుడు దస్తావేజును రద్దు చేసి పోలేదు.

బయానా యనగా నేమి?

స్వల్పమైన బయానాతో దీర్ఘమైన గడువిచ్చి ఒప్పందము వ్రాసిన రైతు, తెలియకయే ఒక విచిత్రమైన బేరములో ప్రవేశించుచున్నాడు. గడువులోపల ధర పెరిగినచో, కొనువాడు పాత ధరకే అడుగును, పెరుగుదల వానిది. ధర తగ్గినచో, వాడు బయానాను వదలుకొని పోవును, తగ్గుదల రైతుది. ఒప్పందమును నెరవేర్పుమని దావా వేయుటకు, అందు వ్రాసిన గడువు తేదీనుండి మూడు సంవత్సరముల కాలము 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ననుసరించి కలదు. కావున ఆరు నెలల ఒప్పందమని రైతు అనుకొన్నది, నిజముగా మూడున్నర సంవత్సరముల బంధనము కావచ్చును. అంతేకాక, రిజిస్టరైన ఒప్పందము ఋణభార పత్రమున, అనగా ఇ.సి.లో, కనబడుచునే యుండును. దానిని చూచి మరియొక కొనుగోలుదారు ముందుకు రాడు.

ఇంతకన్న కష్టమైనది జనరల్ పవరాఫ్ అటార్నీ. బయానాతోపాటు దీనిపైనను సంతకము చేయించుకొని, రైతు పేరనే ప్లాటులను అమ్ముకొనువారు కలరు. అట్టి కాగితము విక్రయము కాదనియు, రిజిస్టరైన విక్రయ దస్తావేజు లేక స్థిరాస్తి హక్కు మారదనియు సర్వోన్నత న్యాయస్థానము 2011లో స్పష్టపరచినది. ఐనను, సంతకము చేసిన రైతును ప్లాటు కొన్న యిరువదిమంది న్యాయస్థానమున కీడ్చినప్పుడు, ఆ తీర్పు చదివి చెప్పువారు ప్రక్కన నుండరు.

ఎకరమునకు ఎన్ని గజములు?

ఒక ఎకరము నూరు సెంట్లు, సెంటు 48.4 చదరపు గజములు. కావున ఎకరము 4,840 గజములు. ఇందులో రోడ్లకును, విడిచిపెట్టవలసిన ఖాళీ స్థలమునకును సుమారు ఐదింట రెండు వంతులు పోవుననుకొందము. అమ్మకమునకు దాదాపు 2,900 గజములు మిగులును. గజము 10,000 రూపాయలని లెక్కకొరకు అనుకొన్నచో, ఎకరము ప్లాటులై 2 కోట్ల 90 లక్షలగును. ఇదంతయు లాభము కాదు. రోడ్డు, కాలువ, విద్యుత్తు, అనుమతి రుసుములు, వడ్డీ, అమ్ముడుపోని ప్లాటులు అందులోనుండియే పోవలెను. కాని ఈ లెక్క చేతనున్న రైతు, తనకిచ్చు ధర న్యాయమైనదో కాదో తానే తూచుకొనగలడు. లెక్క లేని రైతు ఎదుటివాని ముఖము చూచి బేరమాడును.

ప్రభుత్వము వారు భూసమీకరణ చేయునప్పుడును ఇదే లెక్క వేసికొనవలెను. 2020లో విశాఖ ప్రాంతమున పేదల ఇండ్లస్థలములకై సుమారు 6,000 ఎకరములను సమీకరింప నిశ్చయించినప్పుడు, డి-పట్టా రైతునకు ఎకరమునకు 900 గజముల అభివృద్ధి చేసిన స్థలము ఇత్తుమనిరి. ఆ 900 గజములు ఎక్కడ, ఏ రోడ్డుమీద, ఎప్పటికి చేతికందునను మూడు ప్రశ్నలకు జవాబు కాగితముమీద నుండవలెను.

నీరు, ఇసుక, కెరటము

మేము వ్యవసాయశాఖవారము కనుక, బేరగాండ్రు చెప్పని యొక సంగతి చెప్పవలసియున్నది. తీరపు ఇసుకనేలలో తీపినీరు ఉప్పునీటిపైన తేలియుండును. సముద్రమట్టమునకు పైని తీపినీరు ఒక అడుగు నిలిచియున్నచో, క్రిందికి సుమారు 40 అడుగులవరకు తీపినీరుండును. పైని ఒక అడుగు తగ్గినచో, క్రమముగా క్రిందినుండి ఉప్పునీరు 40 అడుగులు పైకి రాగలదు. నూరిండ్ల కాలనీకి నూరు బోర్లు దింపి పగలంతయు తోడినచో, ఆ కాలనీయే కాక, ప్రక్క రైతు కొబ్బరితోట బావియు ఉప్పగును. ఒకమారు ఉప్పైన బావి తిరిగి తీపి యగుటకు ఏండ్లు పట్టును. కావున అమ్మని రైతునకు సైతము ప్రక్కవాని అమ్మకముతో సంబంధము కలదు.

సరుగుడు తోపులను నరికి సముద్రము కనబడునట్లు చేసినచో స్థలమునకు ధర వచ్చునందురు. ఆ తోపులే గాలివానలో ఊరికి గోడ. ఇక కెరటము మాట. కాకినాడకు ఉత్తరముననున్న ఉప్పాడలో ఎన్ని ఇండ్లు, ఎంత రోడ్డు సముద్రములో కలిసినవో చూచినవారికి, ఒడ్డుననున్న స్థలము శాశ్వతము కాదని వేరుగ చెప్పనక్కరలేదు. ఈ హేతువులచేతనే 1991లో తీరప్రాంత నియంత్రణ ఉత్తరువులు వచ్చినవి. 2011లోను 2019లోను మార్చి ప్రకటింపబడినవి. పోటురేఖకు 500 మీటర్ల లోపలి భూమి సాధారణముగా వీనికి లోబడియుండును. పల్లెలలో ఒడ్డునకు మిక్కిలి దగ్గరి పట్టీలో క్రొత్త ఇండ్లకు సామాన్యముగా అనుమతి లేదు. అచ్చట ప్లాటు కొనువాడు ఇసుకను మాత్రమే కొనుచున్నాడు.

చేయవలసిన పనులు

మొదటిది: అమ్మినను, కొన్నను, ముందుగా ఇ.సి.ని, అడంగలును, 1-బి నకలును తెచ్చుకొనవలెను. భూమి నిషేధిత జాబితాలో, అనగా 22-ఎ లో, ఉన్నదేమో రిజిస్ట్రారు కచేరిలో విచారింపవలెను. డి-పట్టా భూముల బదిలీని 1977వ సంవత్సరపు చట్టము నిషేధించినది. 2023లో దానికి సవరణ జరిగినను, తమ భూమికి అది వర్తించునో లేదో కచేరిలో వ్రాతమూలముగా తెలిసికొనక సంతకము చేయరాదు. దేవస్థానపు భూముల విషయమున మరింత జాగ్రత్త కావలెను. సింహాచల దేవస్థానపు పంచగ్రామములలో ఇండ్లు కట్టుకొన్నవారు హక్కుపత్రములు లేక ఎన్ని యేండ్లు తిరిగిరో అందరును ఎరిగినదే.

రెండవది: పిత్రార్జితమైన భూమిలో ఆడపడుచులకును భాగము కలదు. మన రాష్ట్రమున 1986వ సంవత్సరపు చట్టముచేతను, దేశమంతటను 2005వ సంవత్సరపు సవరణచేతను ఇది స్థిరపడినది. అక్కచెల్లెండ్ర సమ్మతి లేని బేరము సగము బేరమే. అది వారిపట్ల న్యాయమును కాదు.

మూడవది: ఒప్పందము వ్రాసినచో గడువు స్వల్పముగా, బయానా గట్టిగా నుండవలెను. గడువు మీరినచో ఒప్పందము రద్దగుననియు, రద్దు దస్తావేజును కొనువాడు తన ఖర్చుతో రిజిస్టరు చేయింపవలెననియు అందే వ్రాయింపవలెను. పూర్తి సొమ్ము ముట్టువరకు స్వాధీనమును, సాగును విడువరాదు. ఆ ముసలి రైతు తోటను విడువకయుండినచో, దావా నడుచుచున్నను జీడిపిక్కలైనను దక్కియుండును.

నాలుగవది: ప్లాటు కొనదలచిన మన సభ్యులు, ఆ లేఅవుటు రేరా క్రింద నమోదైనదా యని చూడవలెను. 2016వ సంవత్సరపు ఆ చట్టము ననుసరించి, కొనువారివద్ద వసూలు చేసిన సొమ్ములో నూటికి 70 వంతులు ఆ పనికే ప్రత్యేకమైన బ్యాంకు ఖాతాలో నుంచవలెను. రంగుకాగితముల ప్రకటనను చూచి సొమ్ము కట్టరాదు.

ఐదవది, మా దృష్టిలో ముఖ్యమైనది: ఒంటరిగా బేరమాడరాదు. ఎరువు ఒక్కడు కొన్నచో ఒక ధర, సంఘము కొన్నచో ఒక ధర యని మనకు తెలియును. భూమికిని అంతే. ప్రక్కప్రక్క గట్లవారు పదిమంది ఏకమై, ధర, రోడ్డు, నీటి ఏర్పాటు, విడువవలసిన తోపు, వీనినిగూర్చి ఒకే మాటగా నుండినచో మధ్యవర్తి ఒక్కొక్కరిని విడదీయజాలడు. దస్తావేజు ముసాయిదాను సంతకమునకు ముందు సంఘ కార్యదర్శికి చూపి, పదిమందిలో చదివించుకొనుడు. అందు సిగ్గుపడవలసినది లేదు. చదువనిచ్చుటకు ఒప్పుకొనని కొనుగోలుదారుతో బేరమే అక్కరలేదు.

అమ్మవద్దని మేము చెప్పుట లేదు. పట్టణము పెరుగును, ఇండ్లు కావలెను, అవసరమునకు అమ్ముట తప్పు కాదు. కాని పొలము అమ్మగా వచ్చిన సొమ్ము కారుగాను, పండుగగాను మారి రెండేండ్లలో కరగిపోయిన కుటుంబములను మేము చూచితిమి. లోపలి గ్రామములలో నీటివసతిగల ఎకరమును తిరిగి కొన్న కుటుంబములనుగూడ చూచితిమి. ఈ రెండవ విధమువారి పిల్లలు ఇప్పటికిని మమ్ము విత్తనమునుగూర్చియే అడుగుదురు.

ఆనాటి సాయంకాలము ముసలి రైతు వేసిన ప్రశ్నకు మేము చెప్పిన జవాబు ఇదే: "తాతా, గజము ధర పెరుగునో తగ్గునో మాకు తెలియదు, తెలియునని చెప్పువానిని నమ్మకుము. నీ చేతిలోనున్నది ధర కాదు, సంతకము. దానిని మాత్రము తొందరపడి విడువకుము." ఆయన నవ్వి, మిగిలిన విత్తనశుద్ధి మందును తన మనుమనిచేత మోయించుకొని పోయెను.