పిల్లల కాలేజీ చదువుకు రైత విద్యానిధి



చందాపుర, ఆనేకల్ ప్రాంతంలో పిల్లలు కాలేజీలో చేరే నెలకు గూళ్ల డబ్బు చేతికి అందకపోవచ్చు. అప్పుడు ఎక్కువ వడ్డీకి అప్పు చేస్తే రాబోయే పంటల ఆదాయం దానికే పోతుంది. కాబట్టి చదువుకు దొరికే సాయం ముందే తెలుసుకోండి.

కర్ణాటక ప్రభుత్వం రైతుల పిల్లలకు 'రైత విద్యానిధి'ని 2021లో ప్రారంభించింది. అప్పుడు నిర్ణయించిన సాయం ఏడాదికి:

పి.యు.సి., ఐ.టి.ఐ., డిప్లొమా: అబ్బాయికి రూ.2,500, అమ్మాయికి రూ.3,000.
బి.ఎ., బి.ఎస్సి., బి.కాం.: రూ.5,000, రూ.5,500.
నర్సింగ్, న్యాయశాస్త్రం: రూ.7,500, రూ.8,000.
ఇంజనీరింగ్, వైద్యం, పి.జి.: రూ.10,000, రూ.11,000.

ఈ ఏటి వివరాలు దరఖాస్తుకు ముందు అడిగి తెలుసుకోండి.

ముఖ్యంగా తల్లి లేక తండ్రి పేర ఫ్రూట్స్ నంబరు ఉండాలి. రైత సంపర్క కేంద్రంలో నమోదు చేయించండి. పహణీ ఇంకా తాతగారి పేరనే ఉంటే పౌతి ఖాతా పని ఇప్పుడే మొదలుపెట్టండి. విద్యార్థి స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఆధార్, మార్కుల కార్డులలో పేరు ఒకేలా ఉండాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ జతచేసి ఉండాలి.

ఈ సొమ్ము చేరిన తరువాతే వస్తుంది, ఫీజంతటికీ చాలదు. మిగతాదానికి బ్యాంకు విద్యారుణం అడగండి. 4 లక్షల వరకు రుణానికి మల్బరీ తోట తాకట్టు పెట్టనక్కరలేదు.

చాకీ దశలో తీసుకున్న జాగ్రత్త గూటిలో కనబడుతుంది. కాగితాల విషయమూ అంతే.