డిగ్రీ చదువు: ఖర్చు ఎక్కడ తగ్గుతుంది, ఎక్కడ తగ్గదు

డిగ్రీకి ఎంత ఖర్చవుతుందని ఎవరినైనా అడగండి, కాలేజీ ఫీజు చెప్పి ఊరుకుంటారు. చాలా ఇళ్లలో ఫీజు కంటే మిగతావే భారం. పల్లె నుంచి పట్నానికి బస్సు చార్జీలో హాస్టల్ బిల్లో కట్టాలి. మూడేళ్లపాటు చేతికందిన బిడ్డ సంపాదన ఉండదు. అన్నిటికీ మించి, మధ్యలో మానేస్తే అప్పటిదాకా పెట్టిందంతా గంగపాలే. రెండేళ్లు చదివి మూడో ఏడు ఆగిపోయిన కుర్రాడు ఉద్యోగ దరఖాస్తులో విద్యార్హత దగ్గర ఇంటర్ అనే రాసుకోవాలి. వాడు పాసైన నాలుగు సెమిస్టర్లూ ఎవరి లెక్కలోకీ రావు.

డిగ్రీని తక్కువ ఖర్చుతో, వీలునుబట్టి, సాంకేతికత సాయంతో చదివే విధంగా మార్చాలన్న ప్రయత్నం ఈ నష్టం మీద గురిపెట్టింది. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత వచ్చిన మార్పులకు ఇరుసు ఒక్కటే: క్రెడిట్. అది అర్థమైతే మిగతాది దానంతటదే అర్థమవుతుంది.

క్రెడిట్ అంటే చదివిన గంటలకు కొలత. వారానికి ఒక గంట చొప్పున 15 వారాల సెమిస్టర్‌లో క్లాసు జరిగితే, ఆ పేపరు పాసైనవారికి ఒక క్రెడిట్. ల్యాబ్, ఫీల్డ్‌వర్క్ లాంటివైతే ఒక క్రెడిట్‌కు 30 గంటలు. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ఇచ్చిన నమూనా ప్రకారం ఏడాదికి 40, రెండేళ్లకు 80, మూడేళ్లకు 120, నాలుగేళ్లకు 160 క్రెడిట్లు కావాలి. ఏడాదికి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లకు ఆనర్స్. అయితే ఊరికే ఆగిపోతే సర్టిఫికెట్ చేతికి రాదు. మొదటి, రెండో ఏడాది తర్వాత బయటికి వెళ్లేవారు వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సో ఇంటర్న్‌షిప్పో పూర్తిచేయాలి. మళ్లీ చదవాలనుకుంటే మూడేళ్లలోపు చేరాలి, మొదటి రోజు నుంచి ఏడేళ్లలో డిగ్రీ ముగించాలి. ఇది నమూనా మాత్రమే. మీ యూనివర్సిటీ దీన్ని ఎంతవరకు అమలు చేస్తోందో విడిగా కనుక్కోవాలి.

సంపాదించిన క్రెడిట్లు దాచుకోవడానికి 2021 జులైలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ మొదలైంది. పత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజిలాకర్ ద్వారా విద్యార్థి 12 అంకెల ఐడీ తీసుకుంటాడు. దీని పద్ధతి మామూలు బ్యాంకు లాంటిదే కానీ రెండు తేడాలున్నాయి. ఇందులో విద్యార్థి తనంతట తాను ఏమీ జమ చేయలేడు, విద్యాసంస్థే వేయాలి. ఒకసారి డిగ్రీకో డిప్లొమాకో వాడుకున్న క్రెడిట్లు ఖాతాలోంచి తీసివేస్తారు, వాటిని మరో పట్టాకు చూపలేం. దాచుకున్న క్రెడిట్లు గరిష్ఠంగా 7 ఏళ్లు చెల్లుతాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. బీకాం మొదటి ఏడాది పాసైన అమ్మాయి, తండ్రి ఆరోగ్యం బాగోక కిరాణా కొట్టు చూసుకోవడానికి ఇంటికొచ్చింది అనుకుందాం. పాత పద్ధతిలో ఆమె డిస్‌కంటిన్యూ. కొత్త పద్ధతిలో ఆమె ఖాతాలో 40 క్రెడిట్లుంటాయి. వేసవిలో జీఎస్‌టీ లెక్కల మీద 4 క్రెడిట్ల కోర్సు చేస్తే సర్టిఫికెట్ వస్తుంది. రెండేళ్ల తర్వాత మూడో సెమిస్టర్‌లో చేరవచ్చు. కాగితం మీద ఇది చక్కగా ఉంది. మరి ఆమె తిరిగొచ్చేసరికి ఆ కాలేజీలో సీటు ఉంటుందా? సర్టిఫికెట్‌కు వాడుకున్న క్రెడిట్లను తర్వాత డిగ్రీలోనూ లెక్కిస్తారా? సిలబస్ మారిపోతే పాత పేపర్లు ఒప్పుకుంటారా? మధ్యలో ఖాళీ వచ్చిన విద్యార్థికి ఫీజు రీయింబర్స్‌మెంట్ కొనసాగుతుందా? బయటికి వెళ్లడం సులువు చేసి తిరిగి రావడం కష్టం చేస్తే, చదువు మానేయడానికి మర్యాదైన పేరు పెట్టినట్టే అవుతుంది.

సబ్జెక్టుల ఎంపికలోనూ సడలింపు వచ్చింది. ఒకప్పుడు ఎంపీసీ, బీజెడ్‌సీ అంటూ కట్టిన గ్రూపులే గతి. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్ ద్వారా చేరేవారు బకెట్లు అనే సబ్జెక్టుల జాబితాల నుంచి ఒక్కో సబ్జెక్టు ఎంచుకునే పద్ధతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో సింగిల్ మేజర్ (ఒకటే ప్రధాన సబ్జెక్టు) తెచ్చి, దానికి తోడుగా మైనర్ పెట్టారు. కానీ వెబ్ ఆప్షన్లలో కనిపించే సబ్జెక్టుకు కాలేజీలో లెక్చరర్ లేకపోతే ఆ స్వేచ్ఛ స్క్రీన్ వరకే.

లెక్చరర్ లేని లోటును ఆన్‌లైన్ తీరుస్తుందా? కొంతవరకు. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం వేదికలో కోర్సులు ఉచితంగా చదువుకోవచ్చు. ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులను స్వయం ద్వారా చేయడానికి యూజీసీ 2021 నిబంధనలు ఒప్పుకుంటున్నాయి. స్వయంలో ఉండే ఐఐటీల ఎన్‌పీటెల్ కోర్సునే తీసుకోండి. 12 వారాల కోర్సుకు 3 క్రెడిట్లు. ప్రతి వారం వీడియోలు వస్తాయి, వాటి మీద ఒక అసైన్‌మెంటు ఉంటుంది, దానికి గడువు ఉంటుంది. పన్నెండింటిలో బాగా చేసిన ఎనిమిదింటి సగటుకు 25 మార్కులు. మిగతా 75 మార్కుల పరీక్ష మాత్రం ఇంట్లో కూర్చుని రాసేది కాదు, సెంటరుకు వెళ్లి రాయాలి. అసైన్‌మెంట్లలో 25కు 10, పరీక్షలో 75కు 30 వస్తేనే పాస్. చదవడానికి డబ్బు కట్టనక్కర్లేదు గానీ పరీక్షకు ఫీజు ఉంటుంది.

మొత్తం డిగ్రీనే ఈ పద్ధతిలో కట్టిన కోర్సు ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ డిగ్రీ. జేఈఈ అక్కర్లేదు. ఇంటర్ ఏ గ్రూపైనా ఫర్వాలేదు, పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లిషు చదివుండాలి. ముందు నాలుగు వారాలు పాఠాలు చెప్పి, ఆ పాఠాల మీదే అర్హత పరీక్ష పెడతారు. అంటే కోచింగ్ సెంటర్లో కొనుక్కునే అర్హత కాదిది. ఫౌండేషన్ దశకు 32 క్రెడిట్లు. తర్వాత 27 క్రెడిట్ల చొప్పున రెండు డిప్లొమాలు. 114 క్రెడిట్లకు బీఎస్సీ, 142కు నాలుగేళ్ల బీఎస్. ఒక్కో టర్మ్‌లో ఎన్ని కోర్సులు తీసుకుంటే వాటికే ఫీజు. ఉద్యోగం చేసేవాళ్లు ఒకటో రెండో తీసుకుని నెమ్మదిగా నడపవచ్చు. కుటుంబ ఆదాయాన్ని, సామాజిక వర్గాన్ని బట్టి 75 శాతం దాకా రాయితీ ఉంది. ఇక్కడా పరీక్షలు సెంటర్లోనే.

అమెరికాలో ఎమ్మెస్ కోసం పొలం అమ్మే కుటుంబాలు మనకు కొత్త కాదు. అదే అమెరికాలో జార్జియా టెక్ విశ్వవిద్యాలయం 2014లో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌ను ఆన్‌లైన్లో పెట్టి మొత్తం ఫీజును సుమారు 7 వేల డాలర్లకు దించింది. పట్టా మీద ఆన్‌లైన్ అన్న మాట ఉండదు, క్యాంపస్‌లో చదివినవారికిచ్చేదే వీరికీ. పాఠం ఒకసారి రికార్డు చేస్తే వేలమందికి సరిపోతుంది కాబట్టి ఫీజు దిగింది. కానీ సందేహాలు తీర్చడానికి, ప్రోగ్రాములు దిద్దడానికి వందలమంది టీచింగ్ అసిస్టెంట్లను పెట్టుకోవాల్సి వచ్చింది.

కిటుకంతా ఇక్కడే ఉంది. చదువులో రెండు రకాల పనులుంటాయి. పాఠం చెప్పడం లాంటివి ఒకసారి చేసి ఎంతమందికైనా పంచవచ్చు. వీటి ఖర్చును సాంకేతికత అమాంతం తగ్గిస్తుంది. విద్యార్థి ఎక్కడ ఆగాడో చూడటం, ల్యాబ్‌లో పక్కన నిలబడటం, రాసింది దిద్ది తప్పు చూపించడం లాంటివి ఒక్కొక్కరికీ విడివిడిగా చేయాల్సినవి. వీటి ఖర్చు పెద్దగా తగ్గదు. మొదటి దాంట్లో మిగిలిన డబ్బును రెండోదాని మీద పెట్టిన కోర్సు నిలబడుతుంది. వీడియోలు పెట్టి లెక్చరర్లను తీసేసిన కాలేజీలో మిగిలేది యాజమాన్యానికే తప్ప విద్యార్థికి కాదు.

ఈ సంగతి తెలుగువాళ్లకు ఎప్పుడో తెలుసు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగు నేల మీదే పుట్టింది. జి. రామ్‌రెడ్డి తొలి వైస్ చాన్సలర్. ఆయనే తర్వాత జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోకు తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఇంటర్ చదవనివారికి అర్హత పరీక్ష పెట్టి సీటిచ్చింది, పాఠ్యపుస్తకాలు తెలుగులో రాయించింది, స్టడీ సెంటర్లు తెరిచి సెలవు రోజుల్లో క్లాసులు నడిపింది. పోస్టులో పుస్తకాలు పంపితే చాలనుకోలేదు, చెప్పే మనిషి ఉండాలనుకుంది. ఇప్పటి ఆన్‌లైన్ కోర్సుల్లో చాలావాటికి కావలసింది ఇదే. పైగా మంచి కోర్సులెన్నో ఇంగ్లిషులోనే ఉన్నాయి. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఫీజు లేకపోయినా ఆ గోడ ఉంటుంది.

కోర్సులో చేరేముందు నాలుగు విషయాలు కనుక్కోండి. ఒకటి, దూరవిద్య లేదా ఆన్‌లైన్ కోర్సయితే యూజీసీ అనుమతి జాబితాలో ఆ ఏడాదికి ఆ కోర్సు పేరుందా? అనుమతి ఉన్న డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటివి దూరవిద్యలో ఇస్తామంటే నమ్మకండి, వాటికి అనుమతే లేదు. రెండు, కాలేజీ క్రెడిట్లను ఏ సెమిస్టర్‌వి ఆ సెమిస్టర్‌కే ఖాతాలో జమ చేస్తోందా? మూడు, మధ్యలో ఆగితే తిరిగి చేరే నిబంధన రాతపూర్వకంగా ఉందా? నాలుగు, సందేహం వస్తే ఎవరిని అడగాలి, వాళ్లు ఎన్ని రోజుల్లో బదులిస్తారు?

ఇప్పటికే డిగ్రీ చదువుతున్న పిల్లలుంటే ఈ వారమే డిజిలాకర్ తెరిపించి, పాసైన సెమిస్టర్ల క్రెడిట్లు ఖాతాలో పడ్డాయో లేదో చూసుకోమనండి. పడకపోతే కాలేజీ పరీక్షల విభాగంలో కాగితం పెట్టి రసీదు తీసుకోమనండి. చదువు ఎప్పుడైనా ఆగాల్సి వస్తే చేతిలో మిగిలేది ఆ ఖాతాలో ఉన్నదే.