వైరస్ కామెర్లు

కామెర్లు లేదా పచ్చకామెర్లు అనేది ఒక వ్యాధి లక్షణం. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపుపచ్చని పదార్థం ఎక్కువైనప్పుడు కంటి తెల్లగుడ్డు, నాలుక క్రింది భాగం, చర్మం పచ్చబడతాయి. ఈ లక్షణంతో ఆసుపత్రులకు వచ్చే రోగులలో కనిపించే ముఖ్య కారణాలలో ఒకటి వైరస్‌ల వలన కలిగే కాలేయ శోథ. దీనినే వైరల్ హెపటైటిస్ అంటారు. ఇందుకు కారణమయ్యే వైరస్‌లు ప్రధానంగా ఐదు: ఎ, బి, సి, డి, ఇ. పైకి కనిపించే పచ్చదనం ఐదింటిలోనూ ఒక్కటే. అవి వ్యాపించే మార్గం, వాటి వలన కలిగే ప్రమాదం మాత్రం వేరు వేరు. అందుచేత కామెర్లు కనిపించినప్పుడు కారణం ఏ వైరస్ అన్నది తెలుసుకోవడం చాలా అవసరం.

పచ్చదనం ఎలా వస్తుంది

ఎర్ర రక్తకణాల ఆయుర్దాయం సుమారు 120 రోజులు. కాలం తీరిన కణాలలోని హీమోగ్లోబిన్ విచ్ఛిన్నమైనప్పుడు బిలిరుబిన్ తయారవుతుంది. కాలేయం దీనిని నీటిలో కరిగే రూపంలోకి మార్చి, పైత్యరసంతో పాటు ప్రేగులలోకి పంపుతుంది. మలానికి సహజమైన రంగు దీని వలననే వస్తుంది. ఆరోగ్యవంతుల రక్తంలో బిలిరుబిన్ 100 మిల్లీలీటర్లకు సుమారు 1 మిల్లీగ్రాము వరకు ఉంటుంది. అది 2.5 నుండి 3 మిల్లీగ్రాములు దాటినప్పుడు పచ్చదనం కంటికి తెలుస్తుంది.

ఈ క్రమం మూడు చోట్ల దెబ్బతినవచ్చు. మలేరియా వంటి వ్యాధులలో రక్తకణాలు త్వరత్వరగా నశిస్తాయి. వైరస్‌లు, మద్యపానం, కొన్ని మందులు (ఉదాహరణకు క్షయకు వాడే కొన్ని మాత్రలు) కాలేయ కణాలనే దెబ్బతీస్తాయి. రాళ్ళు లేదా కంతులు పైత్యరస నాళాన్ని మూసివేస్తే బిలిరుబిన్ రక్తంలోనే నిలిచిపోతుంది.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుంది" అన్న సామెత తెలుగునాట అందరికీ తెలిసినదే. నిజానికి ఈ రోగులకు రంగులు సాధారణంగా మామూలుగానే కనిపిస్తాయి.

ఐదు వైరస్‌లు

- హెపటైటిస్ ఎ: కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వ్యాపిస్తుంది. సోకిన 15 నుండి 50 రోజులలో లక్షణాలు కనిపిస్తాయి. చిన్నపిల్లలలో చాలావరకు పైకి తెలియకుండానే వచ్చి పోతుంది, పెద్దలలో బాధ ఎక్కువ. దీర్ఘవ్యాధిగా మారదు.
- హెపటైటిస్ ఇ: ఇది కూడా ప్రధానంగా నీటి ద్వారానే వస్తుంది. పెద్దఎత్తున వ్యాపించే కామెర్లకు మన దేశంలో ఇదే ముఖ్య కారణం. గర్భిణులకు, ముఖ్యంగా ఏడవ నెల దాటినవారికి, ప్రాణాంతకం కావచ్చు. చివరి మూడు నెలలలో వ్యాధి సోకినవారిలో మరణాలు 20 నుండి 25 శాతం వరకు ఉండవచ్చు.
- హెపటైటిస్ బి: రక్తం, సూదులు, లైంగిక సంపర్కం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుండి బిడ్డకు వ్యాపిస్తుంది. పెద్దలలో 95 శాతం మంది కోలుకుంటారు. పుట్టుకతో సోకిన శిశువులలో సుమారు 90 శాతం మందిలో జీవితాంతం నిలిచిపోతుంది.
- హెపటైటిస్ సి: ముఖ్యంగా రక్తం ద్వారా వస్తుంది. మొదట్లో కామెర్లు కనిపించడం అరుదు. చాలామందిలో దీర్ఘవ్యాధిగా మారి, ఏళ్ళ తరువాత కాలేయం గట్టిపడడానికి, క్యాన్సర్‌కు దారితీస్తుంది.
- హెపటైటిస్ డి: బి వైరస్ ఉన్నవారికి మాత్రమే సోకుతుంది, వ్యాధిని తీవ్రం చేస్తుంది.

నీటి ద్వారా వచ్చే కామెర్లు

1955 డిసెంబరు, 1956 జనవరి నెలలలో ఢిల్లీ నగరంలో సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. యమునా నదిలో త్రాగునీటిని తోడే చోటికి మురుగునీరు చేరడమే అందుకు కారణం. ఆనాడు దీనిని హెపటైటిస్ ఎ అనుకున్నారు. దాచి ఉంచిన రక్త నమూనాలను తరువాతి కాలంలో పరీక్షించగా అది ఎ కాదని తేలింది. 1983లో సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ బలయాన్ రోగుల మలం నుండి తీసిన ద్రావణాన్ని తానే త్రాగి, వ్యాధి తెచ్చుకొని, ఈ కొత్త వైరస్‌ను సూక్ష్మదర్శినిలో చూపించాడు. దానికే హెపటైటిస్ ఇ అని పేరు వచ్చింది.

హైదరాబాదులో 2005 మార్చి, ఆగస్టు నెలల మధ్య 1,600 మందికి పైగా ఈ వ్యాధి బారిన పడ్డారు. మురుగు కాలువలను దాటుకుంటూ వెళ్ళే గొట్టాల నీరు వాడిన ప్రాంతాలలో వ్యాధి ఎక్కువగా ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు. నీరు కొన్ని గంటలే వదిలే ఊళ్ళలో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. సరఫరా ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు పగుళ్ళ గుండా చుట్టూ ఉన్న మురుగు లోపలికి చేరుతుంది. తిరిగి నీరు వదిలినప్పుడు అది ఇళ్ళకు చేరుతుంది.

వినుకొండ పరిసరాలలోని పల్నాటి మెట్ట ప్రాంతానికి కూడా ఈ విషయం వర్తిస్తుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడే వరకు ఈ పట్టణం గుంటూరు జిల్లాలో ఉండేది. 1967లో నీరు విడుదలైన నాగార్జునసాగర్ కుడి కాలువ ఈ ప్రాంతానికి ఆధారం. కాలువ నీటిని చెరువులలో నిల్వచేసి వేసవిలో త్రాగడం ఇక్కడ పరిపాటి. అటువంటి నీటిని వడగట్టి, క్లోరిన్ కలిపిన తరువాతనే వాడాలి. మిరపకోతలకు వలస వచ్చి చేలగట్లనే గుడిసెలు వేసుకొనే కూలీ కుటుంబాలకు శుభ్రమైన నీరు, మరుగుదొడ్లు లభించడం కష్టం. వారిలో గర్భిణులు ఉంటే కాచి చల్లార్చిన నీరు ఏర్పాటు చేయడం అత్యవసరం.

రక్తం ద్వారా వచ్చే కామెర్లు

ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడడం బి, సి వైరస్‌లకు రాచబాట. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో వాడిన సిరంజిలనే మళ్ళీ వాడినందువలన హెపటైటిస్ బి వ్యాపించి పలువురు మరణించారు. సూది మందు వేయించుకొనేటప్పుడు కొత్త సిరంజిని తమ ఎదుటనే విప్పమని అడగడం రోగి హక్కు. క్షౌరశాలలో బ్లేడుకు, పచ్చబొట్టు సూదికి కూడా ఇదే నియమం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 2.98 కోట్ల మంది హెపటైటిస్ బి తోను, 55 లక్షల మంది హెపటైటిస్ సి తోను జీవిస్తున్నారు. వీరిలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

లక్షణాలు, నిర్ధారణ

పచ్చదనానికి కొన్ని రోజుల ముందే ఆకలి మందగించడం, వికారం, నీరసం, కొద్దిపాటి జ్వరం, కుడి డొక్కలో నొప్పి మొదలవుతాయి. మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది. మలం సుద్దలా తెల్లబడి, ఒళ్ళంతా దురద ఉంటే పైత్యరస నాళం మూసుకుపోయిందేమోనని కూడా పరీక్షించాలి.

రక్తంలో బిలిరుబిన్, కాలేయపు ఎంజైములు, రక్తం గడ్డకట్టే సమయం చూస్తారు. ఏ వైరస్ అన్నది తెలియడానికి వేర్వేరు పరీక్షలు ఉన్నాయి. మతిమరుపు, మాట తడబడడం, పగలు మగత, రక్తస్రావం, ఆగని వాంతులు ప్రమాద సూచనలు. ఇవి కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి. గర్భిణికి కామెర్లు వస్తే ఈ లక్షణాల కోసం ఎదురుచూడరాదు.

నాటుమందులు

కామెర్లకు పసరు పోయడం, ముక్కులో మందు పిండడం, చేతిపై వాత పెట్టడం ఈనాటికీ కొన్నిచోట్ల ఉన్నాయి. ఎ, ఇ రకాల కామెర్లు చాలామందిలో కొద్ది వారాలలో వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ సమయంలో ఏ మందు తీసుకుంటే ఆ మందుకే పేరు వస్తుంది. బి, సి వైరస్‌లలో పచ్చదనం తగ్గినా వైరస్ నిలిచిపోవచ్చు. అందువలన "పసరుతో నయమైంది" అన్న నమ్మకం రోగిని పరీక్షకు దూరం చేస్తుంది.

నేల ఉసిరి మొక్కపై శాస్త్రీయ పరిశోధన జరిగింది. 1988లో మద్రాసు పరిశోధకులు, నోబెల్ బహుమతి గ్రహీత బరూచ్ బ్లుంబర్గ్ కలిసి హెపటైటిస్ బి రోగులలో ఆశాజనకమైన ఫలితాలు ప్రకటించారు. తరువాత ఇతరచోట్ల జరిగిన పరీక్షలలో ఆ ఫలితాలు నిలవలేదు.

చికిత్స, ఆహారం

ఎ, ఇ లకు సాధారణంగా ప్రత్యేకమైన మందు అవసరం ఉండదు. విశ్రాంతి, తగినన్ని ద్రవాలు, వైద్యుని పర్యవేక్షణ చాలు. ఉప్పు, పసుపు, నూనె పూర్తిగా మానేసి చప్పిడి పథ్యం ఉండనవసరం లేదు. ఆకలికి తగిన మామూలు భోజనం మంచిది. మద్యం పూర్తిగా మానాలి. వైద్యుని అడగకుండా పారాసిటమాల్‌తో సహా ఏ మాత్రా వాడరాదు.

హెపటైటిస్ సి ని నోటి మాత్రలతో సుమారు 12 వారాలలో 95 శాతానికి పైగా రోగులలో నయం చేయవచ్చు. దీర్ఘకాలిక హెపటైటిస్ బి ని మందులతో అదుపులో ఉంచవచ్చు. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం క్రింద ఈ పరీక్షలు, మందులు ఉచితం.

నివారణ

హెపటైటిస్ బి కి సమర్థమైన టీకా ఉంది. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్ బి టీకాను హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో విడుదల చేసింది. నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి ఆ సంస్థ స్థాపకుడు. అంతకుముందు విదేశాల నుండి వచ్చే టీకా సామాన్యులకు అందని ధరలో ఉండేది. ఇప్పుడు ప్రభుత్వం ఈ టీకాను పిల్లలందరికీ ఉచితంగా ఇస్తున్నది. మొదటి మోతాదు పుట్టిన 24 గంటలలోపు, తరువాతివి 6, 10, 14 వారాల వయసులో వేయించాలి. తల్లికి వైరస్ ఉన్నప్పుడు ఈ మొదటి మోతాదే బిడ్డకు ముఖ్యమైన రక్షణ. దానితో పాటు ఇమ్యునోగ్లోబులిన్ సూది మందు కూడా ఇస్తారు.

హెపటైటిస్ సి కి టీకా లేదు. ఎ కి టీకా ఉన్నా ప్రభుత్వ కార్యక్రమంలో భాగం కాదు. నీటి ద్వారా వచ్చే ఎ, ఇ ల నుండి ఇంటిలో ఎవరైనా తీసుకోగల జాగ్రత్తలు మూడు: త్రాగునీటిని తెర్లేవరకు కాచి చల్లార్చడం, మలవిసర్జన తరువాతను భోజనానికి ముందును సబ్బుతో చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్డి వాడడం. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి కామెర్లు కనిపిస్తే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలియజేయాలి. గొట్టం పగులు ఎక్కడ ఉన్నదో త్వరగా కనుగొంటే మిగిలిన వీధులకు వ్యాధి ప్రాకకుండా ఆపవచ్చు.