ముందు గురువు, తర్వాతే కాలేజీ

ఇక వయొలినే నా చదువని మా అమ్మాయి తేల్చి చెప్పిన రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. తెల్లారేసరికి మావారు లాప్‌టాప్‌లో ఒక పట్టిక తయారుచేసి పెట్టారు. కాలేజీ పేరు, ర్యాంకు, ఫీజు, ఇంటికి ఎన్ని మైళ్లు. ఇంజినీరింగ్ సీటుకి ఎలా చూస్తారో అలాగే చూశారు, పాపం. పాఠం చెప్పేదెవరో రాసుకోవడానికి మాత్రం అందులో గడి లేదు.

అమెరికాలో పాశ్చాత్య సంగీతం చదివే పిల్లలకి అసలు చదువంతా వారానికో గంట, ఒక గురువు ఎదుట నిలబడి నేర్చుకునే పాఠమే. నాలుగేళ్లూ సాధారణంగా ఆ ఒక్కరే. ఆ గురువు దగ్గరున్న పిల్లల బృందాన్ని స్టూడియో అంటారు. అందులో ఆ ఏడు ఖాళీ లేకపోతే ఎంత బాగా వాయించినా సీటు రాకపోవచ్చు. ఫిలడెల్ఫియాలోని కర్టిస్‌నే తీసుకోండి. 1928 నుంచి అక్కడ ఎవరి దగ్గరా ట్యూషన్ ఫీజు పుచ్చుకోవడం లేదు. మొత్తం విద్యార్థులు 160 మంది దాకా, అంతే. ఆర్కెస్ట్రాకి ఎందరు కావాలో అందరినే తీసుకుంటారు. ఒక ట్రంపెట్ కుర్రాడు చదువు ముగించి వెళ్తే ఒక ట్రంపెట్‌కి చోటు. అందుకే సీటు రాలేదన్న ఉత్తరాన్ని పిల్లల ప్రతిభ మీద తీర్పుగా తీసుకోకండి.

మాకు కళ్లు తెరిపించింది ఒహాయోలో తీసుకున్న మాదిరి పాఠం. దరఖాస్తుకి ముందే గురువుకి ఈమెయిల్ రాసి, ఒక పాఠం చెప్పమని అడగొచ్చు. కొందరు డబ్బు తీసుకుంటారు, కొందరు ఊరికే చెబుతారు. మా అమ్మాయి మెండెల్సన్ కాన్సర్టో అంతా సిద్ధం చేసుకుని వెళ్లింది. ఆయన పట్టుమని పది సెకన్లు కూడా విన్నట్టు లేదు, ఆపమన్నారు. కమాను మీద దాని చిటికెనవేలు కర్రలా బిగుసుకుని ఉంది. ఆ వేలి కింద తన వేలు ఆనించి, ఒకే ఒక్క స్వరాన్ని నెమ్మదిగా లాగమన్నారు. ఇరవై నిమిషాలు అదే స్వరం. గది బయట కూర్చున్న నాకు, ఇంత దూరం కారు నడుపుకొచ్చింది ఇందుకా అని ఒళ్లు మండింది. అది బయటికొచ్చి, "ఇన్నేళ్లలో నాకెవరూ ఇది చెప్పలేదమ్మా" అంది.

ఇంకోచోట అంతా తలకిందులు. పేరు వింటేనే చేతులు జోడించే విద్వాంసుడు, గోడ నిండా ఆయన ఫొటోలు. కారిడార్‌లో ఒక సీనియర్ అమ్మాయిని కదిపితే గొంతు తగ్గించి, "సెమిస్టర్‌కి నాలుగుసార్లు కనిపిస్తే గొప్ప ఆంటీ, మిగతా పాఠాలన్నీ అసిస్టెంటే" అంది. ఈ సంగతి ఏ బ్రోచర్‌లోనూ ఉండదు. కారిడార్‌లో పిల్లల్నే అడగాలి.

డిగ్రీ ఏదన్నది తర్వాతి మాట. బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్‌లో సుమారు మూడింట రెండొంతులు సంగీతమే. బీఏలో అది మూడో వంతు దగ్గర ఉంటుంది, మిగతా చదువుకి చోటెక్కువ. రెండూ కావాలనుకునేవాళ్లకి ఓబర్లిన్‌లో ఐదేళ్ల జంట డిగ్రీ ఉంది. మన తల్లిదండ్రులకి ఇదంటే మహా ఇష్టం. నాకు మాత్రం అనుమానమే. బయాలజీ ల్యాబూ, ఆర్కెస్ట్రా రిహార్సలూ ఒకే వేళకి పడితే నలిగేది పిల్లలు.

మరి కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లల మాటేమిటి? 1978 నుంచి క్లీవ్‌లాండ్‌లో జరుగుతున్న త్యాగరాజ ఆరాధనలో మన పిల్లలు ఎంత బాగా పాడినా, జూలియర్డ్‌ లాంటి చోట వయొలిన్ ఆడిషన్‌కి వర్ణం పనికిరాదు, బాఖ్ కావాలి. కింద కూర్చుని వయొలిన్ తలని పాదానికి ఆనించి వాయించిన చేతికి, నిలబడి వాయించడమే వేరే విద్య. అలాగని మన సంగీతానికి ఇక్కడ చోటే లేదనుకోకండి. కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో 1960ల నుంచీ కర్ణాటక సంగీతం ఉంది. వేణువు విశ్వనాథన్, మృదంగం రంగనాథన్ అన్నదమ్ములు అక్కడే ఏళ్లతరబడి పాఠం చెప్పారు. బోస్టన్‌లోని బర్క్‌లీలో 2011లో ఇండియన్ ఆన్‌సాంబుల్ మొదలైంది.

కాలేజీ కన్నా గురువే ముఖ్యమన్నది మనకి కొత్త మాటేం కాదు. 1919లో విజయనగరంలో పెట్టిన సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్. ఆ ఊరికి చదువుకోసం వెళ్లిన ఘంటసాల మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. ఆయన్ని చేరదీసి పాఠం చెప్పింది పట్రాయని సీతారామశాస్త్రిగారు. మావారి పట్టికలో లేని గడి ఇదే.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. సంగీతం డిగ్రీకి పెద్ద అప్పు చేయించకండి. వాయిద్య సంగీతంలో జీతం ఎప్పుడు మొదలవుతుందో ఎవరూ చెప్పలేరు. చాలాచోట్ల స్కాలర్‌షిప్ ఆడిషన్‌ని బట్టే వస్తుంది. వచ్చింది చాలకపోతే, ఇంకో కాలేజీ ఇచ్చిన ఉత్తరం చూపించి మర్యాదగా అడగండి. మేము అడిగాం, కొంత పెంచారు.

చాలా కాలేజీలకి ముందస్తు రికార్డింగులు డిసెంబర్ 1 ప్రాంతంలో అందాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆడిషన్లు. మామూలుగా మే 1కల్లా జవాబు చెప్పేయాలి. అంటే గురువుల్ని వెతుక్కోవలసింది అంతకుముందు వేసవిలో. మీ ఇంట్లో పదకొండో క్లాసు పూర్తిచేస్తున్న పిల్లలుంటే, ఈ సెలవుల్లోనే ముగ్గురు గురువులకి మాదిరి పాఠం కోసం ఈమెయిల్ రాయించండి. ఆ ఈమెయిల్ మాత్రం పిల్లల చేతే రాయించండి, మీరు రాయకండి.