5 వేల కోళ్లతో ఫారం పెడితే చేతికి ఎంత మిగులుతుంది? వరంగల్ యువత షెడ్ కట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క ఇదే..

వరంగల్: 'ఎకరం భూమి ఉంటే చాలు.. నెలకు లక్ష ఆదాయం' అంటూ కోళ్ల ఫారాల మీద వచ్చే వీడియోలకు ఫోన్‌లో కొదవ లేదు. వాటిని చూసి షెడ్ వేద్దామనుకునే వారు ఉమ్మడి వరంగల్ జిల్లాలో చాలామందే ఉంటారు. కోళ్ల పెంపకంలో లాభం ఉంది, అందులో అనుమానం లేదు. కానీ అది కోడికి ఇన్ని రూపాయలు చొప్పున లెక్కపెట్టుకునే లాభం. ఆ లెక్క తెలియకుండా బ్యాంకు లోన్ తీసుకుంటే మాత్రం షెడ్ ఖాళీగా ఉన్నా కిస్తీ ఆగదు.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. పెంచేది కంపెనీ కోసమా, సొంతంగానా? ఈ రెండూ పూర్తిగా వేర్వేరు వ్యాపారాలు.

కంపెనీ కోళ్లు.. రిస్క్ తక్కువ, మిగులూ తక్కువే

బ్రాయిలర్ ఫారాల్లో ఎక్కువగా నడిచేది కాంట్రాక్ట్ పద్ధతి. దీన్నే ఇంటిగ్రేషన్ అంటారు. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్, కరెంటు, నీళ్లు, ఊక, కూలీ రైతువి. 40 నుంచి 42 రోజులు పెంచి అప్పగిస్తే కిలోకు ఇంత అని పెంపకం చార్జీ ఇస్తారు. మార్కెట్లో చికెన్ రేటు పడిపోయినా ఆ నష్టం కంపెనీదే. పెరిగినా లాభం కంపెనీదే.

ఉదాహరణకు 5 వేల కోళ్ల షెడ్ తీసుకుందాం. కోడికి చదరపు అడుగు చొప్పున 5 వేల చదరపు అడుగులు కావాలి. అడుగుకు రూ.200 అనుకున్నా షెడ్‌కే రూ.10 లక్షలు. (ఇక్కడి రేట్లన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. మీ ఊళ్లో రేటు కనుక్కుని ఆ అంకెలు మార్చి చూసుకోండి.)

5 వేల పిల్లల్లో 4 శాతం చనిపోయాయనుకుంటే 4,800 మిగులుతాయి. ఒక్కోటి 2.1 కిలోలు తూగితే మొత్తం 10,080 కిలోలు. కిలోకు రూ.7 చార్జీ పడితే రూ.70,560 వస్తాయి. ఊక, కరెంటు, పిల్లలకు వేడి పెట్టే ఖర్చు, ఒక కూలీ కలిపి రూ.30 వేలు తీసేస్తే బ్యాచ్‌కు మిగిలేది రూ.40 వేల చిల్లర.

బ్యాచ్‌కు బ్యాచ్‌కు మధ్య షెడ్ కడిగి, సున్నం వేసి, ఆరబెట్టడానికి రెండు వారాలైనా ఖాళీ ఉంచాలి. అలా చూస్తే ఏడాదికి 5 లేదా 6 బ్యాచ్‌లు. ఆరు దించగలిగితే రూ.2.43 లక్షలు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. ఇప్పుడు కిస్తీ తీసేయండి. రూ.7.5 లక్షల లోన్‌కు 10.5 శాతం వడ్డీతో ఏడేళ్లకు నెల కిస్తీ సుమారు రూ.12,600. ఏడాదికి లక్షన్నర దాటుతుంది. ఇక మిగిలేది నెలకు రూ.7,600 అటూ ఇటూ. కంపెనీ ఒక్క బ్యాచ్ ఆలస్యం చేసి ఏడాదికి ఐదే దిగితే రూ.4,200కు పడిపోతుంది!

అంటే పెట్టొద్దనా? కాదు. లోన్ తీరాక అదే షెడ్ ఏడాదికి రెండు లక్షలకు పైగా ఇస్తుంది. కూలీని పెట్టకుండా ఇంట్లో వాళ్లే చూసుకుంటే మరికొంత మిగులుతుంది. కోళ్ల ఎరువును మిర్చి రైతులకు అమ్ముకుంటే ఊక ఖర్చులో కొంత వెనక్కి వస్తుంది. అయితే మొదటి ఏడేళ్లు ఇంటి ఖర్చుకు వేరే ఆధారం ఉండాలి. వీడియోల్లో చెప్పనిది సరిగ్గా ఈ ఏడేళ్ల సంగతే.

అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందు మూడు విషయాలు అడిగి రాయించుకోవాలి. బరువు, దాణా లెక్కను బట్టి చార్జీ ఎంతవరకు కోస్తారు? కోళ్లు తయారయ్యాక ఎన్ని రోజుల్లో లిఫ్టింగ్ చేస్తారు? వ్యాధి వచ్చి బ్యాచ్ మొత్తం పోతే రైతుకు కనీసం ఎంత ఇస్తారు? రేటు పడిపోయినప్పుడు లిఫ్టింగ్ వాయిదా పడుతుంటుంది. రోజులు గడిచే కొద్దీ కోడి తినే దాణాకు తగ్గట్టు బరువు రాదు. ఆ తేడా చివరికి రైతు లెక్కలోనే కనిపిస్తుంది.

సొంతంగా పెంచితే..

ఇక్కడ ఆట పెద్దది. పిల్ల రూ.40, కోడి తినే మూడున్నర కిలోల దాణా కిలో రూ.40 చొప్పున రూ.140, మందులు, ఊక, కరెంటు, కూలీ కలిపి రూ.12. మొత్తం రూ.192. 5 వేల కోళ్లకు ఒక్క బ్యాచ్ పెట్టుబడి రూ.9.6 లక్షలు. చనిపోయినవి పోను కిలోకు రూ.95 పడుతుంది.

ఫారం దగ్గర కిలో రూ.105కి అమ్ముడుపోతే లక్ష రూపాయల దాకా లాభం. అదే రూ.80కి పడితే లక్షన్నర నష్టం. రేటు ఎప్పుడు పడుతుందో కొంతవరకు తెలుసు. శ్రావణం, కార్తీకంలో చాలామంది ముక్క ముట్టరు కాబట్టి గిరాకీ తగ్గుతుంది. ఎండాకాలంలో కోళ్లు తగ్గి రేటు పెరుగుతుంది. దసరాకు తెలంగాణలో చికెన్ షాపుల దగ్గర లైన్లు మనకు కొత్తేం కాదు. తెలియనిది మాత్రం బర్డ్ ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో వైరస్ బయటపడగానే తెలంగాణ సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టి కోళ్ల లారీలను వెనక్కి పంపారు. ఇక్కడి ఫారాల్లో జబ్బు లేకపోయినా జనం భయపడి చికెన్ తినడం తగ్గించారు. అప్పటికి 35 రోజుల కోళ్లు షెడ్‌లో ఉన్న సొంత రైతు ఏం చేయగలడు? అమ్మక తప్పదు.

అందుకే మొదటి ఏడాదే సొంత బ్రాయిలర్‌కు దిగడం అంత మంచి ఆలోచన కాదు. రెండు బ్యాచ్‌ల నష్టాన్ని తట్టుకునే డబ్బు చేతిలో ఉన్నవాళ్లకే ఇది.

లాభమంతా దాణాలోనే

ఈ వ్యాపారంలో అందరూ వాడే మాట ఎఫ్‌సీఆర్. కిలో బరువు పెరగడానికి కోడి ఎన్ని కిలోల దాణా తిన్నదన్న లెక్క ఇది. 1.6, 1.7 మధ్య ఉంటే బాగున్నట్టు. ఇది కేవలం 0.1 పెరిగిందనుకోండి. పైన చెప్పిన 10,080 కిలోలకు అదనంగా వెయ్యి కిలోల దాణా అవుతుంది. కిలో రూ.40 చొప్పున రూ.40 వేలు. కంపెనీ రైతుకు బ్యాచ్ మొత్తం మీద మిగిలేది కూడా అంతే!

ఆ 0.1 ఎక్కడ పోతుంది? ఫీడర్లు నిండా పోస్తే కోళ్లు కాళ్లతో, ముక్కుతో కింద పారేస్తాయి. సగం వరకే నింపాలి. ఫీడర్ అంచు కోడి వీపు ఎత్తులో ఉండేలా పెరిగే కొద్దీ పైకి కట్టాలి. ఎలుకలు తినేది తక్కువేం కాదు. రాత్రి చలికి వణికే పిల్ల తిన్నదంతా ఒంటి వేడికే ఖర్చవుతుంది, బరువుగా మారదు.

దాణాలో సగానికి పైగా ఉండేది మక్కలే. మక్కలు పండే జిల్లా, పక్కనే ఏనుమాముల మార్కెట్.. ఆ రకంగా వరంగల్ రైతుకు కొంత అనుకూలమే. అలాగని సొంతంగా దాణా కలిపేద్దాం అనుకుంటే జాగ్రత్త. తేమ ఉన్న మక్కలకు బూజు పడితే అందులోని విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

మొదటి వారం, చివరి వారం

పిల్లలు దిగిన మొదటి వారమే బ్యాచ్ సగం తేలిపోతుంది. బ్రూడర్ కింద 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి. తర్వాత వారానికి 5 డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటర్ కన్నా పిల్లల్ని చూస్తేనే బాగా తెలుస్తుంది. బల్బు కింద గుంపుగా ఒకదాని మీద ఒకటి పడుతుంటే చలి వేస్తున్నట్టు. దూరంగా జరిగి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు. అంతా సమానంగా పరుచుకుని తింటూ తిరుగుతుంటే సరిపోయినట్టు.

5 నుంచి 7 రోజుల మధ్య కొక్కెర తెగులుకు లసోటా టీకా, 12 నుంచి 14 రోజుల మధ్య గుంబోరో టీకా వేయాలి. నాలుగో వారంలోపు లసోటా మళ్లీ ఇవ్వాలి. నీళ్లలో టీకా కలిపే రోజు ఆ నీళ్లలో బ్లీచింగ్, క్లోరిన్ ఉండొద్దు. ఉంటే టీకా చచ్చిపోతుంది, డబ్బు నీళ్లపాలే.

ఇక చివరి వారం. ఇది ఎండాకాలంలో వరంగల్ రైతుకు అసలు పరీక్ష. ఎండ 42 డిగ్రీలు దాటిన రోజు ముందుగా పడిపోయేది అమ్మకానికి రెడీగా ఉన్న పెద్ద కోళ్లే. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడం ఒక్కటే దానికి తెలిసిన దారి. అందుకే షెడ్‌ను తూర్పు పడమరలుగా కట్టాలి. అప్పుడు ఎండ నేరుగా లోపలికి రాదు. వెడల్పు 30 అడుగులు దాటకుండా చూసుకుంటే గాలి అటు నుంచి ఇటు ఆడుతుంది. రేకుల మీద వరిగడ్డి పరిచి నీళ్లు చల్లడం, పక్కలకు తడి గోనె పట్టాలు కట్టడం పాత పద్ధతులే అయినా బాగా పనిచేస్తాయి. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా దాణా ఎత్తేసి చల్లటి నీళ్లు పెట్టాలి. ఏప్రిల్, మే బ్యాచ్‌లకు 5 వేలు పట్టే షెడ్‌లో 4 వేలే వేసుకోవడం మంచిది. ఫాగర్లు పెట్టాం కదా అనుకుంటే సరిపోదు, మిట్ట మధ్యాహ్నం కరెంటు పోతే ఏంటన్నది కూడా చూసుకోవాలి. చిన్న జనరేటర్ దండగ ఖర్చేం కాదు.

వానాకాలంలో బాధ ఇంకోలా ఉంటుంది. లిట్టర్ తడిస్తే అమ్మోనియా వాసన, దాంతో పాటే రక్త విరేచనాలు. లోపలికి అడుగు పెట్టగానే కళ్లు మండుతున్నాయంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. రోజూ ఊక తిరగేసి, సున్నం చల్లాలి.

సబ్సిడీ సంగతేంటి?

'కోళ్ల ఫారానికి 50 శాతం సబ్సిడీ, 25 లక్షలు' అన్న పోస్టులు వాట్సాప్‌లో తెగ తిరుగుతుంటాయి. జాతీయ పశుధన మిషన్ కింద ఆ పథకం ఉన్నమాట నిజమే. కానీ అది పెరటి కోళ్ల జాతులకు. కనీసం వెయ్యి తల్లి కోళ్లు, హేచరీ, పిల్లల్ని పెంచే యూనిట్ కలిపి పెట్టేవాళ్లకే. మామూలు బ్రాయిలర్ షెడ్‌కు అది రాదు. 'మేం ఇప్పిస్తాం' అని అడ్వాన్స్ అడిగేవారికి దూరంగా ఉండటం మేలు.

5 వేలకు మించి కోళ్లు పెడితే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కూడా చూసుకోవాలి. ఇళ్లకు 500 మీటర్ల దూరంలో స్థలం ఎంచుకుంటే తర్వాత ఈగలు, వాసన మీద ఊళ్లో పంచాయితీలు ఉండవు.

చిన్నగా మొదలుపెట్టాలంటే

షెడ్‌కు లక్షలు పెట్టలేని వారికి నాటు రకం దారి ఉంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను తయారుచేసింది. వెటర్నరీ యూనివర్సిటీ రకం రాజశ్రీ. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే గ్రామప్రియ 200 దాకా పెడుతుంది. రెండు, మూడు వందల పిల్లలతో మొదలుపెట్టి చుట్టుపక్కల ఊళ్లలోనే అమ్ముకోవచ్చు. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే నాటుకోళ్లకు ఉండే గిరాకీ ఉమ్మడి వరంగల్ వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. అయితే ఇవి అమ్మకానికి రావడానికి మూడు నెలలకు పైనే పడుతుంది. కుక్కలు, పిల్లుల నుంచి కాపాడుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో కొక్కెర తెగులుకు ఆర్2బీ టీకా తప్పదు. అది వేయక మంద మొత్తం పోగొట్టుకున్న ఇళ్లు ప్రతి ఊళ్లో ఉంటాయి.

కడక్‌నాథ్ పిల్లలు మేమే ఇస్తాం, గుడ్లు మేమే కొంటాం అనే స్కీములు వస్తే మాత్రం 2019లో మహారాష్ట్రలోని సాంగ్లీలో ఏం జరిగిందో ఒకసారి వెతికి చూడండి. అంతకుముందు ఈము పక్షుల కథ కూడా ఇదే. పక్షి మంచిదే, కొనేవాడే మాయమయ్యాడు.

శిక్షణ కోసం హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. మామునూరులో వెటర్నరీ కాలేజీ, కృషి విజ్ఞాన కేంద్రం రెండూ ఉన్నాయి. టీకాలు, జాతుల వివరాలు అక్కడ అడగొచ్చు. వనరాజా, గ్రామప్రియ పిల్లలకు ముందుగానే బుక్ చేసుకోవాలి కాబట్టి షెడ్ పూర్తయ్యాక కాకుండా, గోడలు లేస్తున్నప్పుడే ఆర్డర్ పెట్టుకుంటే ఖాళీ షెడ్‌తో ఎదురుచూపులు ఉండవు.