ఇద్దరి మధ్య దుబాసీ

మా కంపెనీలో బిల్లులు మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో, గోడౌన్ లెక్కలు ఒరాకిల్‌లో ఉండేవి. బిల్లు కొట్టగానే అవతల సరుకు తగ్గాలి. తగ్గేది కాదు. రోజూ రాత్రి ఒక కుర్రాడు ఫైలు తీసి అటు ఎక్కించేవాడు. అతను సెలవు పెడితే, లేని బస్తాలు కూడా అమ్మేసేవాళ్లం.

చివరికి ‘లింక్డ్ సర్వర్’ పెట్టాం. అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు ఒరాకిల్ చిరునామా, లాగిన్ ఇచ్చి, మధ్యలో ప్రొవైడర్ అనే దుబాసీని కూర్చోబెట్టడం. అవతలి పట్టికలన్నీ ఇటు లాక్కోనక్కర్లేదు. సరుకు తగ్గించే ప్రోగ్రాం ఒరాకిల్‌లోనే ఉంటుంది. ఇక్కణ్ణుంచి ‘దాన్ని నడుపు’ అని కబురు పంపితే చాలు, పని అక్కడే జరుగుతుంది.

మొదటిరోజే మొండికేసింది. ఆర్‌పీసీకి, అంటే అవతలి ప్రోగ్రాంను ఇక్కణ్ణుంచి నడిపించడానికి, సర్వర్ సిద్ధంగా లేదంది. నెట్‌వర్క్ వాళ్లను నిద్ర లేపి ఒరాకిల్ మామూలుగా వాడే 1521 పోర్టు వెతికించాను, పాపం. తీరా చూస్తే ‘ఆర్‌పీసీ అవుట్’ అన్న సెట్టింగు ‘ఫాల్స్’లో ఉంది. మార్చగానే నడిచింది.

అసలు తిప్పలు తర్వాత వచ్చాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఖాళీ స్ట్రింగ్ వేరు, విలువే లేకపోవడం (నల్) వేరు. ఒరాకిల్‌కు రెండూ ఒకటే. అక్కడి పట్టికలో రిమార్కులకు నల్ కుదరదు, దాంతో రిమార్కులు ఖాళీగా వదిలిన బిల్లులన్నీ అక్కడ తిరస్కరణే! వారం పట్టింది పట్టుకోవడానికి.

మీరూ ఇలాంటి లింకు పెడుతుంటే, దానికి అడ్మిన్ లాగిన్ మాత్రం ఇవ్వకండి. ఆ ఒక్క ప్రోగ్రాం నడిపే అనుమతి ఇవ్వండి, చాలు.