రెగే సంగీతానికి తల్లివేరు – స్కా

రెగే అనగానే ప్రపంచంలో చాలామందికి మొదట స్ఫురించే పేరు బాబ్ మార్లే. 1981లో ముప్పై ఆరేళ్ళ పిన్న వయస్సులోనే కన్నుమూసిన ఆ గాయకుని గొంతు నేటికీ ఖండఖండాంతరాలలో వినిపిస్తూనే ఉంది. జమైకా దేశపు రెగే సంగీతాన్ని 2018లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చి గౌరవించింది. అయితే మహావృక్షాన్ని చూసి అబ్బురపడేవారు దాని వేళ్ళను గురించి సాధారణంగా ఆలోచించరు. రెగే అనే ఆ వృక్షానికి తల్లివేరు ‘స్కా’ అనే సంగీత రీతి. పేదల వాడలలో, ఆరుబయలు నృత్య ప్రాంగణాలలో, ఒక అనాథ బాలుర పాఠశాలలో పెరిగిన ఆ సంగీతం ఒక చిన్న జాతి తనను తాను గుర్తించుకున్న కథను కూడా చెబుతుంది.

జమైకా కరేబియన్ సముద్రంలోని ఒక చిన్న ద్వీపం. దాని వైశాల్యం సుమారు పదకొండు వేల చదరపు కిలోమీటర్లు. 1494లో కొలంబస్ అక్కడ అడుగుపెట్టిన తరువాత స్పెయిన్ వారు, 1655 నుండి ఆంగ్లేయులు ఆ ద్వీపాన్ని ఏలారు. చెరకు తోటలలో చాకిరీ చేయించడానికి ఆఫ్రికా ఖండం నుండి లక్షలాది ప్రజలను సంకెళ్ళు వేసి తెచ్చారు. 1838లో బానిసత్వం పూర్తిగా రద్దయింది. ఆ తరువాత 1845 నుండి మన దేశం నుండి కూడా ఒప్పంద కూలీలు ఓడలలో అక్కడికి చేరారు. స్వేచ్ఛ లభించినా భూమి లభించని ఆఫ్రికన్ సంతతి ప్రజలకు తరతరాలుగా మిగిలిన ఆస్తి పాట, ఆట, డప్పు.

ఆ ఆస్తిలో ముఖ్యమైనది ‘మెంటో’ అనే జానపద సంగీతం. ఆఫ్రికా లయలు, ఐరోపా నృత్య గీతాల బాణీలు కలిసి ఏర్పడిన రీతి ఇది. గిటారు, బాంజో, చేతి డప్పులు, కూర్చుని వాయించే పెద్ద చెక్కపెట్టె వంటి వాద్యం దీనికి సహకార వాద్యాలు. ఊరి ముచ్చట్లు, హాస్యం, చమత్కారం, అధికారులపై చురకలు ఈ పాటలకు వస్తువులు. పల్లెలను విడిచి బతుకుతెరువు కోసం రాజధాని కింగ్‌స్టన్ నగరానికి వలస వచ్చినవారు తమ వెంట మెంటోను కూడా తెచ్చుకున్నారు. కానీ నగరంలో వారిని మరొక సంగీతం ఆకర్షించింది. అది అమెరికాలోని నల్లజాతి వారి ‘రిథమ్ అండ్ బ్లూస్’. మయామీ, న్యూ ఆర్లియన్స్ నగరాల రేడియో ప్రసారాలు రాత్రివేళల్లో సముద్రం దాటి జమైకాలో వినిపించేవి.

రేడియో గాని గ్రామఫోను గాని కొనుక్కోగల స్తోమత లేనివారికి ఈ సంగీతాన్ని చేరువ చేసినవి ‘సౌండ్ సిస్టమ్’లు. 1940ల చివరి నుండి కింగ్‌స్టన్‌లో ఇవి విస్తరించాయి. రికార్డులు తిప్పే యంత్రం, శక్తిమంతమైన యాంప్లిఫయర్, మనిషెత్తు స్పీకర్ పెట్టెలు, వీటిని బండిపై ఎక్కించుకొని వచ్చి ఆరుబయట నిలిపేవారు. చుట్టుపక్కల వాడల ప్రజలు కొద్దిపాటి రుసుము చెల్లించి తెల్లవారేదాకా నృత్యం చేసేవారు. క్లెమెంట్ డాడ్, డ్యూక్ రీడ్ అనేవారు ఈ రంగంలో ప్రధాన ప్రత్యర్థులు. డాడ్ అమెరికాకు చెరకు నరికే కూలీగా వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు రికార్డులు తెచ్చినవాడు. రీడ్ పోలీసు ఉద్యోగం మాని మద్యం దుకాణం నడిపినవాడు. ఎవరి దగ్గర ఎవరికీ తెలియని పాట ఉంటే జనం వారి వైపే వెళ్ళేవారు. అందువల్ల పాట పేరు, గాయకుని పేరు పోటీదారునికి తెలియకుండా రికార్డుపై ఉన్న చీటీని గీకివేయడం అప్పటి పరిపాటి.

1950ల చివరికి పరిస్థితి మారింది. అమెరికాలో యువతరం రాక్ అండ్ రోల్ వైపు మళ్ళింది. జమైకా ప్రజలు మక్కువపడిన పాత ధోరణి పాటలు రావడం తగ్గిపోయింది. దిగుమతి సరుకు కరవైనప్పుడు స్థానిక ఉత్పత్తికి విలువ పెరగడం సహజం. సౌండ్ సిస్టమ్ యజమానులు స్థానిక గాయకులను, వాద్యకారులను పిలిచి రికార్డింగులు చేయించడం మొదలుపెట్టారు. థియో బెక్‌ఫర్డ్, లారెల్ ఐట్‌కెన్ వంటివారి తొలి పాటలు ఆ కాలానివే. మొదట అవి అమెరికా పాటలకు అనుకరణలుగానే ఉన్నాయి. అయితే ఆ అనుకరణలో ఒక చిన్న తేడా ఉంది. ఆ తేడాయే క్రమంగా పెరిగి స్కా అయింది.

ఆ తేడా ఎక్కడ ఉన్నదో గ్రహించడానికి తాళం వేసే చేతిని గమనిస్తే చాలు. నాలుగు దెబ్బల ఆవృత్తంలో చేయి నాలుగుసార్లు దిగుతుంది, నాలుగుసార్లు లేస్తుంది. సాధారణంగా బరువంతా చేయి దిగినప్పటి దెబ్బ మీద ఉంటుంది. చేయి లేచే క్షణం కేవలం తరువాతి దెబ్బకు సన్నాహం, దానిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. స్కాలో గిటారు, పియానో సరిగ్గా ఆ లేచే క్షణంలోనే తెగ్గొట్టినట్టు పొట్టిగా మోగుతాయి. రెండవ, నాలుగవ దెబ్బలను డ్రమ్ములు బలపరుస్తాయి. మంద్రస్థాయి బాస్ వాద్యం ఆగకుండా నడుస్తూ ఉంటుంది. వీటిపై ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సఫోన్ స్వర విహారం చేస్తాయి. వేగం ఎక్కువ. వినేవారి పాదాలు నేలపై నిలవవు. దెబ్బకు దెబ్బకు నడుమ ఎవరూ పట్టించుకోని ఖాళీ జాగాను ఆక్రమించుకొని అక్కడే తన ఇల్లు కట్టుకున్న సంగీతం స్కా.

ఈ పేరు ఎలా వచ్చిందనే విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. గిటారు తీగెలపై తెగ్గొట్టినట్టు వేసే మీటు ధ్వనికి అనుకరణగా పుట్టిందని ఎక్కువమంది భావిస్తారు. ఈ లయ స్థిరపడడంలో ప్రిన్స్ బస్టర్ పాత్ర గొప్పది. అంతేకాక, 1960 ప్రాంతంలో ‘ఓ కరొలైనా’ అనే పాట కోసం ఆయన కౌంట్ ఓసీ బృందపు డప్పులను రికార్డింగు గదికి రప్పించాడు. కౌంట్ ఓసీ రస్తఫారీ మతస్థుడు. ఆఫ్రికాను పుణ్యభూమిగా భావించి, ఇథియోపియా చక్రవర్తి హైలె సెలాసీని దైవంగా కొలిచే ఆ మతం వారిని అప్పటి సంపన్న వర్గాలు చిన్నచూపు చూసేవి. అటువంటి వారి డప్పు మోత రికార్డులోకి ఎక్కడం సాహసమే. తరువాతి కాలపు రెగే భావజాలానికి అక్కడ బీజం పడింది.

స్కా వాద్యకారులలో అనేకులను తీర్చిదిద్దిన ఘనత కింగ్‌స్టన్‌లోని ఆల్ఫా బాలుర పాఠశాలకు దక్కుతుంది. 1880లో స్థాపించిన ఈ సంస్థను తరువాత కైస్తవ సన్యాసినులు నిర్వహించారు. అనాథలు, నిరుపేదలు, దారి తప్పిన బాలురు అక్కడ చేరేవారు. చేతిపనులతో పాటు బ్యాండు వాద్యాలను కూడా నేర్పేవారు. 1939 నుండి 2003లో మరణించేవరకు అక్కడే సేవచేసిన సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ సంగీతమంటే ప్రాణం పెట్టేవారు. ఆమె ఎన్నో రికార్డులు సేకరించి బాలురకు వినిపించేవారు. జాజ్ మెలకువలు వారికి అలా అబ్బాయి. లోకం అక్కరలేదనుకున్న పిల్లల చేతులలో ఆమె ఒక ట్రంపెట్‌నో ట్రాంబోన్‌నో ఉంచారు. ఆ చేతులే తరువాత ఒక దేశపు సంగీతాన్ని నిర్మించాయి.

1964లో ఏర్పడిన ‘స్కాటలైట్స్’ బృందంలో టామీ మెకుక్, జానీ మూర్, లెస్టర్ స్టెర్లింగ్, డాన్ డ్రమండ్ ఈ పాఠశాల విద్యార్థులే. రోలండో అల్ఫాన్సో, జాకీ మిటూ, లాయిడ్ నిబ్, లాయిడ్ బ్రెవెట్ వంటి ప్రతిభావంతులు వారికి తోడయ్యారు. డాడ్ 1963లో నెలకొల్పిన ‘స్టూడియో వన్’ వీరికి ప్రధాన కర్మక్షేత్రం. ఆ కాలపు గాయకులలో ఎందరికో వెనుక నిలిచి వాయించినవారు వీరే. అయితే అప్పటి వాద్యకారులలో చాలామందికి ఒక్కో రికార్డింగుకు ఇంత అని చేతిలో పెట్టే కూలి తప్ప మరొక ప్రతిఫలం ఉండేది కాదు.

1962 ఆగస్టు 6న జమైకా స్వతంత్ర దేశమైంది. డెరిక్ మోర్గన్ పాడిన ‘ఫార్వర్డ్ మార్చ్’ వంటి స్కా పాటలు ఆ ఆనందానికి గొంతునిచ్చాయి. కానీ జెండా మారినంత త్వరగా జీవితాలు మారలేదు. పల్లెల నుండి వచ్చిన యువకులకు నగరంలో పని దొరకలేదు. మురికివాడలలో ఘర్షణలు పెరిగాయి. 1964 ప్రాంతంలో ట్రెంచ్‌టౌన్ వాడకు చెందిన బాబ్ మార్లే, పీటర్ టాష్, బనీ లివింగ్‌స్టన్ మొదలైన యువకులు ‘వేలర్స్’ పేరుతో ‘సిమర్ డౌన్’ అనే పాట పాడారు. ఆవేశం తగ్గించుకోమని తోటి యువకులకు హితవు చెప్పే పాట అది. వాయించినవారు స్కాటలైట్స్ కళాకారులు. రెగే చక్రవర్తిగా లోకం కీర్తించిన మార్లే తొలి విజయం స్కా పాటతోనే లభించింది.

‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అని పెద్దలు అంటారు. స్కా పేదల ఇంట ఏనాడో గెలిచింది. పెద్దల ఇంట గెలవడానికి మాత్రం దానికి రచ్చ అవసరమైంది. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకు జమైకా ప్రభుత్వం స్కాను తన దేశపు సంగీతంగా పంపించింది. అయితే ప్రధాన వాద్యబృందంగా వెళ్ళినది స్కాటలైట్స్ కాదు, హోటళ్ళలో, సంపన్నుల వేడుకలలో వాయించే బైరన్ లీ బృందం. పుట్టించినవారు ఇంటి వద్దనే ఉండిపోయారు. అదే ఏడాది మిలీ స్మాల్ అనే యువతి లండన్‌లో పాడిన ‘మై బాయ్ లాలిపాప్’ బ్రిటన్, అమెరికా దేశాల జాబితాలలో రెండవ స్థానం వరకు చేరింది. ఆ పాటకు వాద్య సమ్మేళనం కూర్చినవాడు జమైకా గిటారు విద్వాంసుడు ఎర్నెస్ట్ రాంగ్లిన్.

స్కాటలైట్స్ కథలో విషాదం డాన్ డ్రమండ్‌ది. ఆయన ట్రాంబోన్ నాదంలో ఉల్లాసమైన లయ మీద తేలియాడే ఒక దిగులు వినిపిస్తుంది. చాలాకాలంగా మానసిక వ్యాధితో బాధపడిన ఆయన 1965 జనవరిలో తన సహచరి, నర్తకి మార్గరీటాను హత్య చేశాడు. నృత్య కళాకారిణిగా ప్రసిద్ధురాలైన ఆమె రస్తఫారీ డప్పుల వారిని వేదికకు తెచ్చిన ధైర్యశాలి. ఆ ఒక్క రాత్రితో ఇద్దరి జీవితాలూ ముగిసినట్లే అయింది. డ్రమండ్‌ను మానసిక చికిత్సాలయంలో ఉంచారు. 1969లో ఆయన అక్కడే మరణించాడు. స్కాటలైట్స్ బృందం 1965 ఆగస్టులోనే విడిపోయింది. అది కలిసి ఉన్నది సుమారు పద్నాలుగు నెలలు మాత్రమే.

బృందం విడిపోయినా లయ నిలిచిపోలేదు. 1966 నాటికి పాటల వేగం తగ్గింది. ఆ ఏటి తీవ్రమైన వేసవిలో వేగంగా నర్తించలేకపోవడమే కారణమని కొందరు చెబుతారు. స్వాతంత్ర్యం తెచ్చిన తొలి ఉత్సాహం చల్లారడమూ కారణం కావచ్చు. ఇత్తడి వాద్యాలు వెనక్కు తగ్గి, బాస్ ముందుకు వచ్చింది. ఆల్టన్ ఎల్లిస్ వంటి గాయకుల ప్రేమ గీతాలతో ఈ రీతి ‘రాక్‌స్టెడీ’ అని పేరు పొందింది. 1968లో ‘టూట్స్ అండ్ ద మేటల్స్’ బృందం పాడిన పాట పేరులోనే రెగే అనే మాట కనిపించింది. అప్పటి నుండి ఆ పేరు స్థిరపడింది.

రెగేలో స్కా లక్షణం స్పష్టంగా నిలిచి ఉంది. చేయి దిగేచోట కాక మరొకచోట గిటారు మోగడం మారలేదు, నడక నిదానించింది అంతే. రెగేలో ప్రసిద్ధమైన ‘వన్ డ్రాప్’ అనే లయలో డ్రమ్ము నాలుగింటిలో మొదటి దెబ్బను పూర్తిగా విడిచిపెట్టి, మూడవ దానిపై బరువు వేస్తుంది. అందరూ మోత ఆశించేచోట మౌనం ఉంటుంది. ఆ నిదానంలో మాటకు చోటు దొరికింది. దోపిడీ, బానిసత్వం, విముక్తి వంటి గంభీర విషయాలు ఆ చోటులో నిలిచాయి. స్కా దేహాన్ని కదిలించింది. రెగే దానితో పాటు ఆలోచనను కూడా కదిలించింది.

స్కా ఆయుర్దాయం అంతటితో తీరలేదు. జమైకా నుండి వలస వెళ్ళినవారితో పాటు అది ఇంగ్లండు చేరింది. 1979లో కొవెంట్రీ నగరంలో ‘టూ టోన్’ అనే సంస్థ నీడలో నల్లవారు, తెల్లవారు కలిసి స్కాను పునరుజ్జీవింపజేశారు. జాతి విద్వేషం పెచ్చుమీరిన రోజులలో ఒకే వేదికపై ఇరువురూ నిలవడమే ఒక సందేశం. ఆ ఉద్యమానికి పేరుతెచ్చిన ‘స్పెషల్స్’ బృందం పాటలో ట్రాంబోన్ వాయించిన రికో రోడ్రిగెజ్ ఆల్ఫా పాఠశాలలో డ్రమండ్ వద్ద నేర్చుకున్నవాడు కావడం విశేషం. గురువు నాదం శిష్యుని ఊపిరిలో సముద్రాలు దాటింది.

2004లో కింగ్‌స్టన్ నగరం స్టూడియో వన్ ఉన్న వీథికి ఆ స్టూడియో పేరే పెట్టింది. అది జరిగిన కొద్ది రోజులకే క్లెమెంట్ డాడ్ మరణించాడు. ఒకనాడు పెద్దలు చెవి ఒగ్గని సంగీతం నేడు ఆ దేశానికి చిరునామా. అరువు తెచ్చుకున్న పాటలో జమైకా పేదలు కొత్తగా చేర్చింది చాలా చిన్నది, దెబ్బకు దెబ్బకు నడుమ ఉన్న అర క్షణం. ఆ అర క్షణానికి వారు ఇచ్చిన గౌరవమే స్కా అయింది, రెగే అయింది. లెక్కకు రానివారు లెక్కకు రాని చోటు నుండే తమ స్వరాన్ని వినిపించగలరని ఆ సంగీత చరిత్ర నిరూపిస్తుంది.